పత్తికొండలో కన్నుమూసిన సైనికుడు: మన్రో దొర



మహానంది నుంచి నంద్యాల, బేతంచెర్ల, డోన్ మీదుగా పత్తికొండకు వెళ్లినవాళ్లకు తెలుసు. కోనేటి నీళ్లు పారే మన అరటి తోటలు వెనకబడ్డాక నేల ఎండిపోతూ ఉంటుంది. వాన పడితే పంట, లేకపోతే అప్పు. అలాంటి పత్తికొండలో 1827 జూలై 6న ఒక తెల్లదొర కలరా సోకి ఒక్క రోజులోనే చనిపోయాడు. అతడు అప్పటి చెన్నపట్నం గవర్నరు, మేజర్ జనరల్ సర్ థామస్ మన్రో. సీమ పల్లెల్లో ఆయన పేరు మన్రో దొర.

మన చరిత్రలో ఇంగ్లీషు సేనాధిపతులు చాలామంది ఉన్నారు. కోటలు పట్టుకున్నవాళ్లు, రాజుల్ని దించినవాళ్లు. వాళ్ల పేర్లు పిల్లల పాఠాల్లో తప్ప ఎక్కడా వినపడవు. మరి ఈ ఒక్క సైనికుడి పేరు పల్లెజనం నోట ఎందుకు నిలిచింది? ఈ వారం మనం దాని గురించి ఆలోచన చేద్దాం. ఆయన్ను పొగడడానికో తిట్టడానికో మేము ఇది రాయడం లేదు. అధికారం చేతికొచ్చిన మనిషిని జనం దేనితో తూచి గుర్తుపెట్టుకుంటారో తెలుసుకోవడానికి రాస్తున్నాం.

మన్రో 1761లో స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో పుట్టాడు. తండ్రి అమెరికాతో వర్తకం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వర్తకం దెబ్బతిన్నది, కుటుంబం చితికిపోయింది. కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780 జనవరిలో చెన్నపట్నంలో దిగాడు. అప్పటికి పంతొమ్మిదేళ్లు కూడా నిండలేదు. ఆ ఏడే హైదర్ అలీతో యుద్ధం మొదలైంది. కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కంపెనీ దళం ఒకటి తుడిచిపెట్టుకుపోయింది. అంటే ఈ కుర్రవాడు గెలిచే సైన్యంలోకి రాలేదు, ఓడిపోయి వెనక్కి నడిచే సైన్యంలోకి వచ్చాడు. తరువాత టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాల్లోనూ ఉన్నాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయేనాటికి సైనికుడిగా ఇరవై ఏళ్లు గడిచాయి.

మధ్యలో ఒక మార్పు జరిగింది. 1792లో బారామహల్, అంటే సేలం వైపు నేల కంపెనీ చేతికి వచ్చినప్పుడు కెప్టెన్ రీడ్ అనే అధికారి కింద శిస్తు పనికి వేశారు. అక్కడే రైతుతో నేరుగా మాట్లాడడం, మట్టి చూడడం, కరణం లెక్కను పరీక్షించడం నేర్చుకున్నాడు.

1800 అక్టోబరులో నిజాం నవాబు బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలు వైపు కొన్ని తాలూకాలను కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలు అని పేరు వచ్చింది అందుకే. కోయిలకుంట్ల, పత్తికొండ ఆ వాటాలో పడ్డాయి. మన నంద్యాల వైపు మాత్రం 1839 దాకా కర్నూలు నవాబు కిందే ఉంది. సుమారు 26,600 చదరపు మైళ్ల ఆ దత్తమండలాలకు మన్రో ప్రధాన కలెక్టరు అయ్యాడు. అనంతపురం ఆయన కచేరీ.

అప్పుడు సీమ ఎలా ఉందో ఊహించుకోండి. దాదాపు 80 మంది పాలెగాళ్లు. కొండకో కోట, కోటకో దండు. ఒకే చేను మీద ఇద్దరు ముగ్గురు శిస్తు అడిగే కాలం. మన్రో ముందు సైన్యం సాయంతో పాలెగాళ్ల బలం విరిచాడు. కొందరిని తరిమారు, కొందరి కోటలు తీసుకుని పింఛను ఇచ్చి కూర్చోబెట్టారు. ఆ పని మెత్తగా జరగలేదు. ఆ గాయం లోపల మిగిలే ఉంది. మన్రో పోయిన ఇరవై ఏళ్లకు, పాలెగాళ్ల వంశంలో పుట్టిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంపెనీ మీద తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. మన్రో కథ చెప్పేవాళ్లు ఈ కథ దాచిపెడితే అది సగం సాక్ష్యమే అవుతుంది.

తరువాతి పని కొలత. 33 అడుగుల గొలుసుతో చేలన్నీ కొలిపించాడు. 40 గుంటలు ఒక ఎకరం. మట్టిని బట్టి తరగతి, తరగతిని బట్టి శిస్తు. జమీందారు మధ్యలో లేకుండా రైతు పేరునే పట్టా, ఏటా జమాబందీ. దీన్నే రైత్వారీ అన్నారు. పట్టా, శిస్తు, జమాబందీ అనే మాటలు మన ఊళ్లలో ఇంకా వాడుకలో ఉన్నాయి కదా. గవర్నరు బంగళాల్లో కూర్చుని చేసిన పని కాదిది. ఏళ్ల తరబడి డేరాల్లో ఉంటూ, గుర్రం మీద ఊరూరా తిరుగుతూ, రైతులు వచ్చి చుట్టూ చేరి మొర పెట్టుకుంటుంటే వింటూ చేసిన పని. తెలుగు మాట్లాడి పని జరుపుకునేవాడు.

ఇక్కడ లెక్క తిన్నగా చెప్పుకోవాలి. ఆ ఏడేళ్లలో దత్తమండలాల రాబడి సుమారు 10 లక్షల పగోడాల నుంచి 15 లక్షల పగోడాలకు పెరిగింది. ఆ డబ్బు పోయింది కంపెనీ ఖజానాకే. పంటలో నూటికి 45 వంతుల దాకా శిస్తుకు పోతున్నదని మన్రోకే తెలుసు. తెలిసి ఊరుకోలేదు. 1807లో సెలవు మీద స్వదేశం వెళ్లేముందు పై అధికారులకు రాసి పెట్టాడు: పంటలో మూడో వంతు మించి తీసుకోరాదు, కాబట్టి మెట్టకూ మాగాణికీ నూటికి 25, బావి కింద తోటలకు నూటికి 33 తగ్గించాలి. వాళ్లు వినలేదు. రైత్వారీనే పక్కనపెట్టి ఊళ్లను గుత్తకిచ్చారు. రైతు మళ్లీ నలిగాడు. 1820లో తానే గవర్నరుగా తిరిగి వచ్చాక ఆ తగ్గింపును అమలు చేయించాడు. పదమూడేళ్ల కిందటి మాట మరిచిపోలేదు. పదవి పెరిగాక పాత ఊరి బాధ గుర్తుంచుకునేవాళ్లు ఎంతమంది?

ఈ మధ్యలోనే ఆయన సేనాపతిగా ఎక్కువ పేరు తెచ్చుకున్నది. 1817–18 మరాఠా యుద్ధంలో బ్రిగేడియర్ జనరల్ హోదాతో దక్షిణ మరాఠా దేశంలోకి దిగాడు. చేతిలో ఉన్న సైన్యం చాలా తక్కువ. అక్కడి ఊళ్లలోనే బంట్రోతుల్ని చేర్చుకుని, గ్రామాలను తనవైపు తిప్పుకుని, బాదామి, బెల్గాం, షోలాపూరు పట్టుకున్నాడు. 1819లో ఇంగ్లండు పార్లమెంటులో కానింగ్ అనే మంత్రి ఈ సంగతి ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. రైతు నమ్మితే ఫిరంగి అవసరం తగ్గుతుందని సీమలో నేర్చుకున్న పాఠమే అక్కడ పనికొచ్చింది. అయినా గెలిచింది కంపెనీ, పోయింది మన దేశస్థుల రాజ్యం. అది కూడా మరవకూడదు.

గవర్నరుగా ఏడేళ్లలో చేసిన వాటిలో రెండు చెబుతాం. ఒకటి, 1822లో బడుల లెక్క తీయించాడు. మద్రాసు రాజధానిలో 12,498 బడులు ఉన్నాయని తేలింది. ఈ దేశస్థులకు చదువు రాదని సీమలో చెప్పుకునే ఇంగ్లీషువాళ్లకు అది జవాబు. రెండోది, 1824 డిసెంబరు 31న రాసిన పెద్ద నివేదికలో, ఈ దేశస్థులకు పెద్ద ఉద్యోగాలు ఇవ్వాలనీ, ఏదో ఒకనాటికి వాళ్లు తమను తామే పాలించుకునేలా తయారు చేయడమే మా పని కావాలనీ రాశాడు. గాంధీజీ పుట్టడానికి నలభై అయిదేళ్ల ముందు మాట ఇది.

ఇక మన విశ్వాసానికి తగిలే సంగతి. మనల్ని చూసి మీది తెల్లవాళ్ల మతం అనేవాళ్లు ఇంకా ఉన్నారు. దొరలు అధికారంతో మతం పెట్టారని అనుకుంటారు. 1822లో బళ్లారి వైపు ఒక సబ్ కలెక్టరు తన హోదాలో ఉంటూ మతపుస్తకాలు పంచాడు. అది గవర్నరు దాకా వచ్చింది. మన్రో క్రైస్తవుడే. కానీ ఆ పని తప్పని గట్టిగా రాశాడు. శిస్తు వసూలు చేసే చెయ్యి బోధ చేస్తే వినేవాడు భయంతో వింటాడు, అది బోధ కాదని ఆయన ఆలోచన. ప్రియులారా, మేమైతే ఆ తీర్పుకు ఆనందిస్తాం. భయంతో వంగిన తల దేవుని యెదుట వంగినట్టు కాదు. సువార్త నడిచి వచ్చింది ప్రేమతో. ప్రేమ లేనిచోట అది ఎవరి సిఫారసుతో వచ్చినా నిలవదు.

అలా ఎదుటివాడి గుడిని గౌరవించినందుకేనేమో, జనం ఆయన్ను తమ కథల్లోకి కలుపుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్ర స్వామి బృందావనం నుంచి వచ్చి మన్రోతో మాట్లాడారని అక్కడి భక్తులు చెప్పుకుంటారు. తిరుమలలో మన్రో గంగాళం అనే పెద్ద పాత్ర ఉంది. కడప వైపు గండిలో పాపఘ్ని నది మీద బంగారు తోరణం ఆయనకు కనిపించిందనీ, అది కనిపించినవాళ్లు ఎక్కువకాలం బతకరనీ మరో కథ. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లు ఉండేవి. ఈ కథలు నిజమా కాదా అని వాదించడం మన పని కాదు. నోరులేని రైతు కృతజ్ఞత చెప్పుకోవడానికి అతనికి దొరికిన భాష అది.

అంతా బంగారమే అనడం లేదు. పట్టా ఉన్న రైతు పేరు ఆ లెక్కల్లోకి ఎక్కింది. అదే చేలో కూలి చేసే మాలపల్లె, మాదిగపల్లె మనుషుల్లో ఎక్కువమందికి పట్టా లేదు, వాళ్ల పేర్లు ఎక్కలేదు. 1876–78 కరువులో కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలే ఎక్కువ చచ్చాయి. శిస్తు తగ్గించిన మంచి దొర ఒకడున్నా, పరాయి పాలన పరాయి పాలనే.

చివరి ప్రయాణం చూడండి. 1827 నాటికి ఆయన రాజీనామా ఇచ్చేశాడు. భార్య, జబ్బుపడిన బిడ్డతో అంతకుముందు ఏడే ఓడ ఎక్కింది. కొత్త గవర్నరు వచ్చేదాకా చెన్నపట్నంలో హాయిగా ఉండవచ్చు. దత్తమండలాల జనాన్ని ఒకసారి చూసి వెళ్దామని ఎండల్లో బయలుదేరాడు. గుత్తి దగ్గర విడిదిలో కలరా మొదలైంది. పత్తికొండ చేరిన రోజే ఆయనకు సోకింది, ఆ రాత్రికే ప్రాణం పోయింది. గుత్తిలో పాతిపెట్టారు. 1831లో చెన్నపట్నం కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. అక్కడి నగరంలో గుర్రం మీద పెద్ద విగ్రహం నిలబెట్టారు. పత్తికొండలో మాత్రం ఒక చెట్ల తోపు నాటి, రాతి కట్టుతో ఒక బావి తవ్వించారు. ఎండల సీమలో నీడా నీళ్లూ. మాకు విగ్రహం కంటే అదే సరైన జ్ఞాపకం అనిపిస్తుంది.

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సుంకరులూ సైనికులూ వచ్చి మేమేం చేయాలని అడిగిన సంగతి మీకు తెలుసు. ఉద్యోగం మానేయమని ఆయన చెప్పలేదు. నిర్ణయించినదానికి మించి వసూలు చేయవద్దని ఒకరికి, ఎవరినీ బెదిరించి గుంజుకోవద్దని ఇంకొకరికి చెప్పాడు. మన్రో ఆ రెండు ఉద్యోగాలూ చేసినవాడు. ఆ కొలతతో చూస్తే కొన్నిచోట్ల నిలబడ్డాడు, కొన్నిచోట్ల తూకం తగ్గింది.

మనలోనూ చిన్న చిన్న అధికారాలు ఉన్నవాళ్లు ఉన్నారు. రేషన్ షాపు తూకం పట్టేవాళ్లు, పంచాయతీలో సంతకం పెట్టేవాళ్లు, పొదుపు సంఘం పుస్తకం రాసేవాళ్లు, సంఘంలో కానుకల సంచి పట్టేవాళ్లు, మాలాగ ప్రసంగపీఠం ఎక్కేవాళ్లు. మనం పోయాక మన పేరు ఊళ్లో ఏ మాటతో కలిపి చెప్పుకుంటారు? తీసుకున్నదానితోనా, తగ్గించినదానితోనా? పట్టాలో పేరు లేనివాడి మొర మన గుమ్మం దగ్గర ఆగిందా, లోపలికి వచ్చిందా?

ఈ ప్రశ్నలు మీ ఇంట్లో, మీ సంఘంలో మాట్లాడుకోండి. దేవుడు మన ఎండు పల్లెలను, వాటి మీద చెయ్యి ఉన్న ప్రతివారిని దీవించును గాక. ఆమేన్.