తంజావూరు పటంలో బాలకృష్ణుడు

తమిళనాట తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో, పూజగది గోడమీద ఒక పటం కనిపించడం కద్దు. బొద్దు బుగ్గల బాలకృష్ణుడు, చేతిలో వెన్నముద్ద, పక్కన యశోద. తమిళులు దీన్ని 'పలగై పడం' అంటారు. ఆ రెండు మాటలూ మన 'పలక', 'పటం' మాటలకు చుట్టాలే.

చుట్టరికం మాటలతో ఆగదు. ఈ పటాలు గీసిన తంజావూరు, తిరుచ్చి రాజులు, మదురై నాయుళ్ళు తెలుగు మాట్లాడే చిత్రకారులనీ, 1565 నాటి యుద్ధం తరువాత విజయనగర సామ్రాజ్యం కుంగిపోగా దక్షిణానికి తరలివచ్చిన వారనీ కళాచరిత్రకారులు చెబుతారు. తంజావూరు నాయకరాజుల కొలువులోనూ, వారి తరువాత 1855 దాకా సాగిన మరాఠా పాలనలోనూ తెలుగుకు, చిత్రకళకు ఆదరణ దొరికింది.

ఇక పటాన్ని పరిశీలిద్దాం. చెక్కమీద గుడ్డ అంటించి, సుద్దపూత పూసి, నగలను ఉబ్బెత్తుగా తీర్చి, బంగారు రేకు, అద్దపు రాళ్ళు పొదుగుతారు. పసివాడు తల్లికంటే పెద్దగా ఉంటాడు. నీలమేఘశ్యాముడు చాలా పటాల్లో తెల్లగానే కనిపిస్తాడు. పాకే వయసులో ఒంటినిండా మోయలేనన్ని నగలు. ఇది చూసి గీసిన పిల్లవాడి రూపం కాదు. మరి చూసినవారి మనసు ఎందుకు కరుగుతుంది?

కారణం చూపులో ఉందని మేము భావిస్తున్నాం. యశోద బిడ్డను చూస్తుంది. బిడ్డ మాత్రం మనవైపు చూస్తాడు. ఆ క్షణాన పటం ముందు నిలిచిన వ్యక్తే తల్లి అవుతాడు. అలంకారికులు వాత్సల్యమన్నది ఈ భావాన్నే. ఇక్కడ వాత్సల్యం పటంలో కంటే భక్తుడిలోనే ఎక్కువ.

రాజా రవివర్మ 1894లో ముద్రణాలయం స్థాపించాక ఈ తీరు మారింది. ఆయన యశోదాకృష్ణులకు వెలుగునీడలు, మనుషుల కొలతలు వచ్చాయి. దేవుడు పొరుగింటి పిల్లవాడయ్యాడు. ఆ అచ్చుబొమ్మల ముద్దు తల్లీబిడ్డల మధ్యే ముగుస్తుంది; మనం పక్కన నిలబడి చూస్తాం.

తంజావూరు పటాలకు 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు ఊరిపేరును కాపాడుతుంది. గీసినవారి ఇంటిమాటను కాపాడలేదు. అందుచేత విద్యార్థులకు మా మనవి ఒక్కటే. మీ ఇంట అలాంటి పటం ఉంటే, దాని ముందు పెద్దలు ఏ మాటలతో పిల్లవాణ్ణి పిలుస్తారో రాసి ఉంచండి. బంగారు రేకు మళ్ళీ అంటించవచ్చు. పోయిన పిలుపును అంటించలేం.