బరువు తగ్గాలంటే అన్నం మానేయాలా? కంచంలో ఏది తగ్గించాలి, ఏది పెంచాలి?

బరువు తగ్గాలని అనుకోగానే తెలుగు ఇళ్లలో మొదటి వేటు అన్నం మీదే పడుతుంది. కొందరు రాత్రి అన్నం బదులు చపాతీకి మారతారు. కొందరు బియ్యం డబ్బాను పక్కన పెట్టి కొర్రలు, అండుకొర్రలు తెస్తారు. ఇంకొందరు రాత్రి భోజనమే మానేస్తారు. నెల తిరిగేసరికి వీరిలో చాలామంది పాత పద్ధతికే వస్తారు. తగ్గిన బరువూ తిరిగి వస్తుంది.

ఇది ఒకరిద్దరి సమస్య కాదు. 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 36 శాతం, తెలంగాణలో 30 శాతం మంది అధిక బరువుతోనో, ఊబకాయంతోనో ఉన్నారు. దేశవ్యాప్తంగా ఇది 24 శాతం.

అదే సర్వేలో మరో అంకె కూడా ఉంది. ఈ రెండు రాష్ట్రాల్లోనూ అదే వయసు మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. అంటే ఒంట్లో కొవ్వు ఎక్కువగా, పోషకాలు తక్కువగా ఉన్నవారు ఒకే ఇంట్లో, కొన్నిసార్లు ఒకే మనిషిలో కనిపిస్తారు. అలాంటివారు చూసుకోకుండా తిండి తగ్గిస్తే కొవ్వుతో పాటు బలమూ పోతుంది. కాబట్టి ఎంత తగ్గించాలి అన్నదాని కన్నా ఏది తగ్గించాలి అన్నది ముఖ్యం.

తప్పు అన్నానిదేనా?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2017లో విడుదల చేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో సుమారు 356 కేలరీలు ఉంటాయి. అంతే తూకం గోధుమ పిండిలో 320, జొన్నల్లో 334, రాగుల్లో 321. పెద్ద తేడా ఏమీ లేదు. రెండు చపాతీలకు రెండు చెంచాల నూనె పట్టిస్తే ఆ కొద్ది తేడా కూడా పోతుంది.

చిరుధాన్యాలు మంచివే. వాటిలో పీచు ఎక్కువ, రాగుల్లో కాల్షియం ఎక్కువ. పీచు వల్ల కడుపు త్వరగా నిండినట్టు అనిపించవచ్చు. కానీ అన్నం తిన్నంత పరిమాణంలో కొర్రన్నం తింటే బరువు తగ్గరు.

అసలు చిక్కు మన భోజనం నడిచే తీరులో ఉంది. పప్పులోకి కొంత అన్నం, కూరలోకి కొంత, చారులోకి కొంత, చివర పెరుగులోకి కొంత వడ్డించుకుంటాం. పదార్థం మారినప్పుడల్లా అన్నం మళ్లీ వస్తుంది. ఆకలి తీరినా వరుస పూర్తికాదు. కూర అన్నంలో కలుపుకోవడానికే తప్ప కూరగా తినడానికి కాదన్నది మన అలవాటు. దాంతో కంచంలో అన్నం ముప్పావు, మిగతావన్నీ కలిపి పావు అవుతాయి.

ఈ పరిస్థితి తెలుగువారికే పరిమితం కాదు. భారతీయులు రోజువారీ తిండి నుంచి పొందే కేలరీల్లో సుమారు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ఆధారంగా 2025లో వచ్చిన పరిశోధన తేల్చింది.

కంచం ఎలా ఉండాలి?

ఎన్ఐఎన్ 2024 మేలో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 కేలరీలు అవసరమైన వ్యక్తికి అది సూచించిన కొలతలు ఇవి. ధాన్యాలు, పప్పుల తూకం వండక ముందుది.

- బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి: 250 గ్రాములు
- పప్పులు (లేదా వాటి బదులు గుడ్లు, చేపలు, మాంసం): 85 గ్రాములు
- కూరగాయలు, ఆకుకూరలు: 400 గ్రాములు
- పండ్లు: 100 గ్రాములు
- పాలు లేదా పెరుగు: 300 మిల్లీలీటర్లు
- పల్లీలు, నువ్వుల వంటి గింజలు: 35 గ్రాములు
- నూనె, నెయ్యి: 27 గ్రాములు

ఈ 250 గ్రాముల్లోనే ఉదయం ఇడ్లీలో బియ్యం రవ్వ, ఉప్మాలో బొంబాయి రవ్వ, రాత్రి చపాతీ పిండి కూడా వస్తాయి. మధ్యాహ్నం అన్నం ఒక్కటే లెక్క కాదు.

ఆచరణలో దీనికి తేలిక మార్గం వడ్డన క్రమాన్ని మార్చుకోవడమే. ముందుగా కంచంలో సగం కూరతో నింపుకోవాలి. పావు భాగంలో గట్టి పప్పు, గుడ్డు, చేప లేదా చికెన్ ఉండాలి. మిగిలిన పావులో అన్నం పెట్టుకోవాలి. ఆ అన్నాన్నే పప్పుకు, చారుకు, పెరుగుకు పంచుకోవాలి తప్ప మారు వడ్డించుకోకూడదు. కావాలంటే చివర పెరుగును విడిగా గిన్నెలో తినొచ్చు, లేదా మజ్జిగ తాగొచ్చు.

లెక్క ఎలా వేసుకోవాలి?

ఒక కిలో కొవ్వు తగ్గాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. వారానికి అర కిలో తగ్గడం సురక్షితమని ఎన్ఐఎన్ చెబుతోంది. అంటే రోజుకు దాదాపు 550 కేలరీలు.

ఉదాహరణకు రోజుకు 350 గ్రాముల బియ్యం తినే వ్యక్తి దాన్ని 250కి తగ్గిస్తే సుమారు 350 కేలరీలు తగ్గుతాయి. వంటలో తన వాటా నూనె రెండు చెంచాలు తగ్గితే మరో 90. రోజుకు మూడు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర ఉంటే అది మానేస్తే మరో 120. మొత్తం 560.

అయితే ఆకలి తీరడానికి కూర, పప్పు పెంచుతారు కాబట్టి అందులో కొంత తిరిగి వస్తుంది. అందుకే వారానికి 300-400 గ్రాములు తగ్గినా అది మంచి ఫలితమే. బరువు తగ్గేకొద్దీ శరీరానికి కావాల్సిన కేలరీలు కూడా తగ్గుతాయి. మూడు నాలుగు నెలల తర్వాత వేగం మందగించడం మామూలే.

పప్పు ఎంత? నూనె ఎంత?

తిండి తగ్గించినప్పుడు శరీరం కొవ్వునే కాకుండా కండరాన్ని కూడా ఖర్చు చేస్తుంది. తగినంత ప్రొటీన్, బరువులెత్తే వ్యాయామం ఈ నష్టాన్ని తగ్గిస్తాయి. ఆరోగ్యవంతులైన పెద్దలకు శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అవసరమని ఐసీఎంఆర్ సిఫార్సు. 60 కిలోల మనిషికి ఇది 50 గ్రాములు.

వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, ఒక గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల పెరుగులో 3 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. కానీ నలుగురికి ఒక చిన్న గ్లాసు పప్పు వేసి పలచగా చేస్తే ఒక్కొక్కరికీ అందేది కొంచెమే. ఉదయం ఉప్మా బదులు పెసరట్టు, సాయంత్రం మిక్చర్ బదులు ఉడికించిన శనగలు, వారంలో రెండు మూడు సార్లు మీల్ మేకర్ కూర వంటివి ఖర్చు పెద్దగా పెంచకుండా ఈ లోటు పూడుస్తాయి.

నూనె విషయంలో కంటితో అంచనా పనికిరాదు. గ్రాము పిండి పదార్థానికి 4 కేలరీలైతే గ్రాము నూనెకు 9. వేరుశనగ నూనె అయినా, ఆలివ్ నూనె అయినా, నెయ్యి అయినా ఇంచుమించు ఇంతే. మనిషికి రోజుకు 27 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు వస్తుంది. ఆవకాయలో తేలే నూనె, కారప్పొడిలో వేసుకునే నెయ్యి, బయట తినే బజ్జీలు, బిర్యానీ కూడా ఇందులోనివే. నెల మొదట్లో సరుకుల జాబితాలో నూనె ప్యాకెట్లు లెక్కపెడితే ఇల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది.

త్వరగా తగ్గించే పద్ధతులు ఎందుకు నిలవవు?

అన్నం పూర్తిగా మానేసి, కొబ్బరి నూనె, సూప్‌లతో నెలలో పది కిలోలు తగ్గించే పద్ధతులకు కొన్నేళ్ల కిందట తెలుగు రాష్ట్రాల్లో విపరీతమైన ఆదరణ వచ్చింది. ఇలాంటి వాటిలో మొదటి వారం కనిపించే తగ్గుదలలో ఎక్కువ భాగం నీరు. శరీరంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ ఒక్కో గ్రాము సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండి పదార్థాలు మానేస్తే ఆ నిల్వతో పాటు నీరూ పోతుంది. మళ్లీ తినగానే తిరిగి వస్తుంది.

పిండి పదార్థాలు తగ్గించాలా, కొవ్వు తగ్గించాలా అన్నది కూడా అనుకున్నంత పెద్ద ప్రశ్న కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు జట్లుగా విడదీసి ఏడాది పాటు ఈ రెండు పద్ధతులు పాటింపజేశారు. 2018లో వచ్చిన ఫలితాల్లో ఒక జట్టు సగటున 6 కిలోలు, మరో జట్టు 5.3 కిలోలు తగ్గింది. గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఏడాది పాటు పాటించగలిగే పద్ధతే మంచి పద్ధతి.

బరువు తగ్గించే ఆహారం ఏదైనా రోజుకు 1,000 కేలరీల కన్నా తక్కువ ఉండకూడదని ఎన్ఐఎన్ హెచ్చరిస్తోంది. చాలా వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే ముప్పు కూడా పెరుగుతుంది. 2025లో భారత మార్కెట్లోకి వచ్చిన మౌంజారో, వెగోవీ వంటి ఇంజెక్షన్లు వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. అవి ఆకలిని తగ్గిస్తాయి. ఆ తక్కువ తిండిలో ప్రొటీన్, కూరగాయలు ఉండేలా చూసుకోవాల్సింది మాత్రం తినేవారే.

ఎవరు డాక్టరును అడగాలి?

ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడే డయాబెటిస్ రోగులు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందుల మోతాదు మార్చాల్సి రావచ్చు కాబట్టి ముందే డాక్టరుతో మాట్లాడాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు సలహా లేకుండా ప్రొటీన్ పెంచకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు సొంతంగా డైటింగ్ మొదలుపెట్టకూడదు.

రక్తహీనత ఉన్న మహిళలు తిండి తగ్గించే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవడం మేలు. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండుకుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు తాగకపోవడం మంచిది.

ఎంత తగ్గితే చాలు?

పెళ్లినాటి బరువుకు చేరాలన్న లక్ష్యం అక్కర్లేదు. డయాబెటిస్ ముప్పు ఉన్న 3,234 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక వంటి శ్రమ లక్ష్యాలుగా పెట్టుకున్న జట్టులో డయాబెటిస్ బారిన పడటం 58 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి 7 శాతమంటే అయిదున్నర కిలోలు.

కాటాతో పాటు టేపు కూడా దగ్గర పెట్టుకోవాలి. భారతీయుల్లో పొట్ట కొవ్వు ఎక్కువ కాబట్టి నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, మహిళలకు 80 సెంటీమీటర్లు దాటకూడదన్నది వైద్యుల సూచన. కాటా మీద ముల్లు కదలని వారాల్లోనూ టేపు తగ్గుతుంటే దారి సరైనదే. వారానికి ఒకసారి, ఉదయం పరగడుపున, ఒకే కాటాపై చూసుకుంటే చాలు.

ఇంట్లో ఒక్కరి కోసం వేరే వంట మొదలుపెడితే అది ఎక్కువ రోజులు సాగదు. కూర ఎక్కువ, పప్పు గట్టిగా, నూనె కొలిచి, అన్నం ఒక్కసారే వడ్డించే పద్ధతి ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. దానికి కొత్త సరుకులేవీ కొనాల్సిన పని లేదు.