కంప్యూటర్ చాకిరీకి అరవై ఏళ్ల విరుగుడు

1963-64 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో ఒకే పెద్ద కంప్యూటర్‌ను ఎందరో ఒకేసారి వాడుకునే ఏర్పాటు కాళ్లూనుకుంటోంది. దాని పేరు సీటీఎస్ఎస్. టెర్మినల్ ముందు కూర్చుని ఒక ఆదేశం టైపు చేయాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి, మళ్లీ ఇంకో ఆదేశం టైపు చేయాలి. ఫ్రాన్స్ నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న ఇంజినీరు లూయీ పూజాన్ అప్పటికే అలాంటి ఆదేశాలకు ప్రోగ్రాములు డజన్ల కొద్దీ రాసి ఉన్నారు. అదే వరసలో అవే ఆదేశాలను మనిషి పదే పదే ఎందుకు కొట్టాలి? ఆ వరసనంతా ఒక ఫైల్లో రాసిపెట్టి, ఫైలు పేరు చెబితే యంత్రమే చదువుకుంటూ పోదా? అలా పుట్టిందే ‘రన్‌కామ్’. ప్రతిసారీ మారే పేర్ల చోటు ఖాళీగా వదిలి, నడిపేటప్పుడు నింపుకొనే వీలు కూడా అందులో ఉంది. ఇవాళ మనం స్క్రిప్ట్ అంటున్నదాని తొలి రూపం అది.

పూజాన్ 1965లో స్వదేశానికి వెళ్లిపోయారు. తర్వాత అక్కడ ఆయన నడిపిన సిక్లాడ్ నెట్‌వర్క్ ఇంటర్నెట్ నిర్మాణానికి దారి చూపింది. చరిత్ర పుస్తకాలు ఆయన్ను దాని కోసమే తలుచుకుంటాయి. కానీ బల్ల ముందు కూర్చుని పనిచేసేవాళ్లకు ఆయన చేసిన మేలు రన్‌కామ్‌లోనే ఉందని నేను నమ్ముతాను. తన చాకిరీని తానే యంత్రానికి అప్పగించుకునే అధికారం, ఆ యంత్రాన్ని వాడే మనిషికి మొదటిసారి దక్కింది అప్పుడే.

ఆ అధికారం విస్తరించిన చోటు బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ. 1964 అక్టోబరులో డగ్ మెక్‌ఇల్రాయ్ అక్కడ ఒక చిన్న నోట్ రాశారు. తోటకు నీళ్లు పెట్టే గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్టే ప్రోగ్రాములను కూడా బిగించగలగాలన్నది అందులో ఆయన కోరిక. అది తీరడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 1973లో కెన్ థాంప్సన్ ఒక్క రాత్రిలో, అక్కడే తయారవుతున్న యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ‘పైప్’ అనే సౌకర్యం చేర్చారు. ఒక ప్రోగ్రాం ఇచ్చే ఫలితం నేరుగా మరో ప్రోగ్రాంలోకి వెళ్లిపోతుంది. యూనిక్స్ అంటే శాస్త్రవేత్తల వ్యవహారమని చాలామంది అనుకుంటారు. నిజానికి 1971లో దాన్ని తయారుచేసిన బృందం బయట మొట్టమొదట రోజువారీ పనికి వాడుకున్నది బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగంలో దరఖాస్తులు టైపు చేసే టైపిస్టులు. ఆఫీసు చాకిరీకీ ఈ పరికరాలకూ బంధుత్వం మొదటినుంచీ ఉంది.

పైపు బలం ఎంతటిదో లోకానికి తేటతెల్లమైంది 1986లో. ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రికలో శీర్షిక నడుపుతున్న జాన్ బెంట్లీ, కంప్యూటర్ శాస్త్రంలో మహామహుడైన డొనాల్డ్ నూత్‌కు ఒక సమస్య ఇచ్చారు. ఒక పాఠంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి, ఎక్కువసార్లు వచ్చిన కొన్నిటిని వరసగా చూపించాలి. నూత్ పాస్కల్ భాషలో, ప్రతి అడుగుకూ వివరణ అల్లుకుంటూ, పేజీల కొద్దీ సాగే అందమైన ప్రోగ్రాం రాశారు. దాన్ని సమీక్షించే బాధ్యత మెక్‌ఇల్రాయ్‌ది. నూత్ పనితనాన్ని ఆయన మనసారా మెచ్చుకున్నారు. ఆపైన అదే పనికి తన జవాబు కూడా ఇచ్చారు. అది ఆరే ఆరు పంక్తులు! మొదటిది పాఠాన్ని విడగొట్టి పంక్తికొక మాట చొప్పున పెడుతుంది. రెండోది పెద్దబడి అక్షరాలను చిన్నబడిలోకి మారుస్తుంది. మూడోది అక్షర క్రమంలో పేర్చి ఒకే మాటలన్నిటినీ పక్కపక్కకు చేరుస్తుంది. నాలుగోది వాటిని లెక్కబెడుతుంది. అయిదోది పెద్ద లెక్క పైకి వచ్చేలా తిరిగి పేరుస్తుంది. ఆరోది కావలసినన్ని చూపించి ఆగుతుంది. ఇందులో ఏ పంక్తీ ఈ సమస్య కోసం కొత్తగా కనిపెట్టింది కాదు. అన్నీ అప్పటికే యూనిక్స్‌లో ఉన్న మామూలు పనిముట్లే.

నూత్ ఓడారని, మెక్‌ఇల్రాయ్ గెలిచారని ఈ కథను చెప్పుకోవడం నాకు నచ్చదు. నూత్‌ను అడిగింది వివరణతో కూడిన ప్రోగ్రాం ఎలా రాయాలో చూపమని, ఆయన అదే చేశారు. మెక్‌ఇల్రాయ్ ఆలోచించింది మాత్రం మరో మనిషి గురించి. మధ్యాహ్నం లోపు ఈ పని తెమిల్చి ఇంకో పనిలో పడాల్సిన మనిషి గురించి.

1979 నాటి యూనిక్స్‌తో వచ్చిన ‘క్రాన్’ మరో మెట్టు. అది నిమిషానికోసారి మేలుకుని, ఈ వేళకు చేయాల్సిన పని ఏమైనా ఉందా అని ఒక పట్టిక చూసుకుని, ఉంటే చేసి మళ్లీ పడుకుంటుంది. ఇక ఆదేశం ఇవ్వడానికి మనిషి అక్కడ ఉండాల్సిన పనే లేకపోయింది.

ఇళ్లలోకి, చిన్న ఆఫీసుల్లోకి ఈ సంగతి చేరింది 1981లో వచ్చిన ఐబీఎం పీసీతో. దాన్ని నడిపే డాస్‌లో, ఆదేశాలను వరసగా రాసిపెట్టుకునే ‘బ్యాచ్ ఫైల్’ ఉండేది. కంప్యూటర్ ఆన్ చేయగానే ‘ఆటోఎగ్జెక్ బ్యాట్’ అనే ఫైల్లో ఉన్న పనులన్నీ వాటంతటవే జరిగిపోయేవి. 1990లలో మన పట్టణాల్లో వీధివీధినా వెలిసిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో డాస్ నేర్చుకున్నవాళ్లకు ఈ పేరు గుర్తుండే ఉంటుంది. మౌస్ రాజ్యం వచ్చాక ఆ పాఠం పక్కకు పోయింది. బొమ్మ మీద నొక్కడం సులువే. అదే బొమ్మ మీద మూడు వందలసార్లు నొక్కాల్సి వచ్చినప్పుడు ఆ సులువు ఎటు పోతుందో పనిచేసేవాళ్లకే తెలుసు.

యాపిల్ సంస్థ 1993లో తెచ్చిన యాపిల్‌స్క్రిప్ట్ ఈ లోటు తీర్చే ప్రయత్నం. దాదాపు మాట్లాడే ఇంగ్లిషులోనే ఆదేశాలు రాయొచ్చు. పత్రికలు, ప్రచురణ సంస్థలు దాన్ని అక్కున చేర్చుకున్నాయి. పేజీలో ఫొటోలు అమర్చడం, కేటలాగుల్లో ధరలు మార్చడం లాంటి పనులు దానికి అప్పగించాయి. ఫ్రెంచి, జపనీస్ మాటలతో రాసే రూపాలు కూడా కొంతకాలం ఉండి ఆగిపోయాయి. తమ భాషలో యంత్రానికి పని చెప్పుకునే ఆ దారి మూసుకుపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

తెలుగు డీటీపీ రంగానికీ ఈ చరిత్రలో వాటా ఉంది. అక్షరాలన్నిటికీ ఒకే లెక్క ఇచ్చే యూనికోడ్‌కు ముందు ఏ ఫాంటు లెక్క దానిది. తలకట్టు, గుడి, వత్తు లాంటి ముక్కలను ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో ఇరికించేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అంతా గజిబిజి. అలా టైపు చేసిన పుస్తకాన్ని మళ్లీ మొదటినుంచీ టైపు చేయకుండా యూనికోడ్‌లోకి తెచ్చింది ఫలానా గుర్తుకు ఫలానా అక్షరమని పట్టిక చూసుకుంటూ మార్చుకుపోయే చిన్న ప్రోగ్రాములే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించుకునే ‘పద్మ’ అప్పట్లో తెలుగు వార్తా సైట్లలోని అలాంటి రాతను యూనికోడ్‌గా మార్చి చూపేది.

ఈ సౌకర్యానికి రెండో ముఖం 2000 మే 4న కనిపించింది. ఫిలిప్పీన్స్‌లో మొదలైన ఒక ఈమెయిల్ ‘ఐ లవ్ యూ’ అనే శీర్షికతో ప్రపంచమంతా తిరిగింది. దానికి తగిలించిన ఫైలు చూడటానికి ప్రేమలేఖ. విండోస్ ఫైలు పేరు చివరి భాగాన్ని దాచేసేది కాబట్టి అది విజువల్ బేసిక్ స్క్రిప్ట్ అని చాలామందికి కనిపించలేదు. తెరిచిన మరుక్షణం అది అవుట్‌లుక్ చిరునామాల జాబితాలో ఉన్న అందరికీ తనను తాను పంపుకుని, ఫొటోలూ ఇతర ఫైళ్లూ చెరిపి వాటి చోట తన నకలు రాసేది. కోటికి పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్ పార్లమెంటు తన ఈమెయిల్ వ్యవస్థనే ఆపేసింది. చాకిరీ తప్పించే సౌకర్యమే చేటు తెచ్చింది. కంపెనీలు స్క్రిప్టులకు తలుపులు మూయడం మొదలుపెట్టాయి. ఆ జాగ్రత్త అవసరమే. అయితే తాళం వేసినవాళ్లు, బుద్ధిగా వాడుకునేవాళ్లకు మరో తలుపు చూపలేదు. సామాన్య ఉద్యోగి మళ్లీ మౌసు పట్టుకుని ఒక్కొక్కటే నొక్కుకుంటూ కూర్చున్నాడు.

మైక్రోసాఫ్ట్‌లో ఈ లోటును పట్టించుకున్నది జెఫ్రీ స్నోవర్. విండోస్‌ను ఆదేశాలతో, స్క్రిప్టులతో నడిపే సాధనం కావాలని 2002లో ఆయన ప్రతిపాదన రాశారు. దానికి పట్టుబట్టినందుకు ఉద్యోగంలో తనను కిందికి దించారని ఆయనే చెప్పారు. 2006 నవంబరులో అది పవర్‌షెల్‌గా విడుదలైంది. ఇప్పుడు దాదాపు ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ అది ఉంది. తెరిచి చూసేవాళ్లే తక్కువ.

మన బడుల్లో కంప్యూటర్ పాఠమంటే ఎక్కువగా రంగుల స్లైడ్లు చేయడం, ఉత్తరం టైపు చేయడం. ఎనిమిదో తరగతి పిల్లకు వంద ఫైళ్ల పేర్లు ఒక్క పంక్తితో మార్చడం చూపిస్తే, యంత్రం ఎవరి మాట వింటుందో ఆ పిల్లకు అరగంటలో అర్థమవుతుంది. విద్యాశాఖ ఈ పాఠాన్ని చేర్చాలి.

మీరు ఆఫీసులో ఉంటే బడి దాకా ఆగక్కర్లేదు. వారంలో మూడుసార్లు ఒకే తీరులో చేసే పని ఒకటి ఎంచుకోండి, ఫైళ్ల బ్యాకప్ అయినా సరే. దాని మెట్లు ముందు కాగితం మీద రాయండి. ఆ మెట్లను నోట్‌ప్యాడ్‌లో ఆదేశాలుగా మార్చి, అసలు ఫోల్డర్‌ మీద కాకుండా దాని నకలు మీద నడిపి చూడండి. పక్కవాళ్లు ఇచ్చిన స్క్రిప్టును చదవకుండా నడపకండి. మీది కుదిరాక, అది ఏం చేస్తుందో మామూలు మాటల్లో రాసి ఫైలు పక్కనే పెట్టండి. రేపు మీ సీట్లో కూర్చునేవారికి అది కావాలి.