వలస బిడ్డ పాట: షార్ల్ అజ్నవూర్ ప్రస్థానం

ఫ్రెంచ్ పాట దేశం దాటి వెళ్ళడం షార్ల్ అజ్నవూర్‌తో మొదలు కాలేదు. 1920ల చివర్లోనే మోరిస్ షెవాలియే హాలీవుడ్ చేరాడు. షార్ల్ త్రెనే పాట 'లా మేర్' ఇంగ్లీషు మాటలతో అమెరికాలో మారుమోగింది. ఎదీత్ పియాఫ్ 1956లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో పాడింది. అయితే వాళ్ళ పాటల్లో విదేశీ శ్రోత వెతుక్కున్నది ముఖ్యంగా పారిస్‌ని: ఆ వీధులని, ఆ అకార్డియన్‌ని, ఆ యాసని. అజ్నవూర్ పాటలో మాట్లాడే మనిషి ఏ ఊరివాడైనా కావచ్చు. ముసలితనాన్ని చూసి భయపడేవాడు, పెళ్ళి పాతబడినవాడు, పేరు రాని నటుడు. అందుకే ఆ పాటలు ఏ దేశం వెళితే ఆ దేశపు భాషలో తనే పాడాడు. ఆ నేర్పు అతనికి ఒక్క రోజులో రాలేదు. పదిహేనేళ్ళకు పైగా కాదు పొమ్మన్నవాళ్ళ మధ్య పట్టుదలగా సాధించుకున్నాడు.

అసలు అతని కుటుంబం పారిస్‌లో స్థిరపడాలని వచ్చినది కాదు. తండ్రి మిషా జార్జియాలోని అఖల్త్‌సిఖే ఊరి ఆర్మేనియన్. తల్లి క్నార్ తుర్కియేలోని అడపజారి ప్రాంతం ఆర్మేనియన్, 1915 నాటి జాతి సంహారంలో తన వాళ్ళను పోగొట్టుకున్న మనిషి. ఇద్దరూ దేశం విడిచి వస్తుంటే దారిలో, గ్రీసులోని సలోనికాలో, 1923లో కూతురు అయిదా పుట్టింది. పారిస్‌లో అమెరికా వీసా కోసం ఎదురు చూస్తుండగా 1924 మే 22న కొడుకు పుట్టాడు. అమ్మానాన్నలు అనుకున్న పేరు షానూర్. ఆసుపత్రిలో ఆ పేరు రాయడం కష్టమై షార్ల్ అని రాశారని అతను చెప్పేవాడు. వీసా రాలేదు. ఆ కుటుంబం ఫ్రాన్సులోనే ఉండిపోయింది.

తండ్రి గాయకుడు, తల్లి నటి. వలస వచ్చాక ఆ విద్యలు కూడు పెట్టలేదు. తండ్రి లాటిన్ క్వార్టర్‌లో 'లె కొకాజ్' అనే చిన్న హోటలు నడిపాడు. అక్కడ తిండి ఎంతో సంగీతం అంత. డబ్బు లేని తోటి వలసదారులకు ఉచితంగా పెట్టి పెట్టి చివరికి అది మూతపడింది. షార్ల్ తొమ్మిదేళ్ళకే, 1933లో, నాటకంలో వేషం వేశాడు. చదువు అంతటితో సరి. పెద్దగా చదువుకోలేదన్న వెలితి అతన్ని జీవితాంతం పుస్తకాల వైపు నెట్టింది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు పారిస్‌ని ఆక్రమించినప్పుడు, రూ ద నవారాన్ వీధిలో వాళ్ళు అద్దెకున్న ఇరుకు ఇల్లు దాగుడు స్థలమైంది. యూదులను, జర్మన్ సైన్యం నుంచి పారిపోయిన సోవియట్ సైనికులను అక్కడ దాచారు. ప్రతిఘటన దళ నాయకుడు మిసాక్ మనూషియాన్, అతని భార్య మెలినే ఆ ఇంటికి ఆప్తులు. 1944 ఫిబ్రవరి 21న నాజీలు మనూషియాన్‌ను కాల్చి చంపారు. అజ్నవూర్ కుటుంబం చేసిన సాయానికి గుర్తింపుగా 2017లో ఇజ్రాయెల్ అధ్యక్షుడు అజ్నవూర్‌కు, అయిదాకు రౌల్ వాలెన్‌బర్గ్ పతకం అందజేశాడు. ఆ ఇంటి సంగతి చెప్పకుండా అతని పాటల గురించి మాట్లాడితే సగమే మాట్లాడినట్టు. దిక్కులేనివాడు వస్తే తలుపు తీయడం అతను అక్కడ చూశాడు. సమాజం దూరంగా ఉంచినవాళ్ళ మాట తన పాటలో పలికించే అలవాటు అక్కడిదేనని నా నమ్మకం.

యుద్ధకాలంలోనే పియేర్ రోష్ అనే పియానిస్టుతో జత కుదిరింది. రోష్ బాణీ కట్టేవాడు, అజ్నవూర్ మాటలు రాసేవాడు, ఇద్దరూ కలిసి పాడేవాళ్ళు. వాళ్ళు రాసిన 'జె బ్యూ' పాటను జార్జ్ ఉల్మెర్ పాడగా 1947లో దానికి ఉత్తమ రికార్డు బహుమతి వచ్చింది. రచయితగా అజ్నవూర్‌కి దారి తెరుచుకుంది. గాయకుడిగా మాత్రం తలుపులు మూసే ఉన్నాయి. అప్పుడు వాళ్ళను గమనించింది ఎదీత్ పియాఫ్. ఆమె ప్రోత్సాహంతో 1948లో ఇద్దరూ అమెరికా వెళ్ళారు, అక్కడి నుంచి కెనడాలోని మాంట్రియల్ చేరారు. 'ఫెజాన్ దోరే' అనే క్యాబరేలో నెలల తరబడి పాడారు. ఫ్రాన్సులో ముఖం తిప్పుకున్న పాటలకు క్యుబెక్ జనం చప్పట్లు కొట్టారు. మొదటి ఆదరణ పరాయి గడ్డ మీదే దొరకడం అతను మరిచిపోలేదు. రోష్ అక్కడే ఉండిపోయాడు. అజ్నవూర్ ఒంటరిగా తిరిగి వచ్చాడు.

ఆ తర్వాతి కాలం పియాఫ్ నీడలో గడిచింది. ఆమె ఇంట్లోనే ఉంటూ కారు నడిపాడు, సామాన్లు మోశాడు, లైట్లు చూసుకున్నాడు, అవసరమైనప్పుడు పాట రాశాడు. ఆమె మాట మీద ముక్కుకు ఆపరేషన్ కూడా చేయించుకున్నాడు. ఇద్దరి మధ్యా ఉన్నది స్నేహమే, ప్రేమ కాదని అతను ఎప్పుడూ చెప్పేవాడు. పియాఫ్ దయగల గురువేం కాదు. 1950లో రాసిన 'జె ఎ లే దిమాంష్' ఆమెకు నచ్చలేదు. దాన్ని జూలియెట్ గ్రెకో పాడి పేరు తెచ్చింది. అయినా ఆ ఇంట్లో రోజూ రాత్రి అతను చూసిన విద్య ఏ బడిలోనూ దొరికేది కాదు. ఒక పాటతో సభ మొత్తాన్ని ఎలా పట్టుకోవాలి, ఎక్కడ చేయి ఎత్తాలి, ఎక్కడ కదలకుండా నిలబడాలి, ఏ మాట దగ్గర గొంతు తగ్గించాలి... అన్నీ దగ్గరి నుంచి చూశాడు.

పత్రికలు మాత్రం కనికరించలేదు. మనిషి సుమారు అయిదడుగుల మూడంగుళాలు. గొంతులో ఎప్పుడూ తెర అడ్డం పడ్డట్టు ఒక బొంగురు. అలాంటివాడు వేదిక ఎక్కడమేమిటని రాశారు. 1950లో అతనే కూర్చుని తన లోపాల జాబితా రాసుకున్నాడు: గొంతు, పొడవు, హావభావాలు, చదువు లేకపోవడం, ముక్కుసూటితనం, వ్యక్తిత్వం లేకపోవడం. వాటిలో మార్చుకోగలిగినవి మార్చుకున్నాడు, మార్చలేనివాటిని అలాగే వేదిక మీదికి తెచ్చాడు. బొంగురు గొంతును దాచి నునుపుగా పాడే ప్రయత్నం చేసి ఉంటే అతను నలుగురిలో ఒకడిగా మిగిలిపోయేవాడు. ఆ గొంతులో అలసట ఉంది, వయసు ఉంది. ఇరవై ఏళ్ళవాడు ప్రేమ పాట పాడినా నలభై ఏళ్ళ అనుభవం వినిపించేది.

1950ల మధ్యలో మొరాకో, ట్యునీసియా సభల్లో అతనికి మంచి ఆదరణ దొరికింది. 1955లో పారిస్ ఒలింపియా వేదిక, 'స్యుర్ మా వీ' విజయం వచ్చాయి. అసలు మలుపు 1960 డిసెంబర్‌లో, అల్హాంబ్రా థియేటర్‌లో వచ్చింది. ఆ రాత్రి 'జ మ వాయే దెజా' అనే కొత్త పాట పాడాడు. పేరు కోసం పల్లె నుంచి పారిస్ వచ్చి, వయసు మళ్ళినా పేరు రాని ఒక గాయకుడి గోడు అది. ఈవ్ మోంతాన్‌కు ఇవ్వజూపితే ఆయన వద్దన్న పాట. అజ్నవూర్ దాన్ని వేదిక మీద నటించాడు. ప్రేక్షకులకు వీపు పెట్టి, మొహం మీద లైట్లు పడేలా నిలబడ్డాడు. అప్పటికి అతనికి 36 ఏళ్ళు. ఆ రాత్రి తర్వాత ఫ్రాన్సులో అతన్ని కాదనే ధైర్యం విమర్శకులకు పోయింది. అదే ఏడు ఫ్రాన్స్వా త్రుఫో సినిమా 'తిరే స్యుర్ ల పియానిస్త్'లో కథానాయకుడిగానూ కనిపించాడు.

తెలుగు శ్రోతలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన సినిమా పాటలో కవి ఒకరు, సంగీత దర్శకుడు ఒకరు, గొంతు మరొకరిది. ఫ్రెంచ్ పాటలో ఈ మూడూ ఒకే మనిషి చేసే సంప్రదాయం బలంగా ఉంది. అజ్నవూర్ దాన్ని మొండిగా పాటించలేదు. 'లా మమ్మా'కు మాటలు రోబెర్ గాల్‌వి, 'లా బొయేమ్'కు మాటలు జాక్ ప్లాంత్‌వి. ఆ రెంటికీ బాణీ అతనిది. వెనిస్ నగరం మీది ప్రసిద్ధ పాటకు మాటలు రాసింది ఫ్రాన్స్వాజ్ దొరాన్. కుర్రకారు కొత్త పాట వైపు పరుగు తీసిన 1960లలో జానీ అలిడే, సిల్వీ వార్తాన్‌లకు పాటలు రాసిచ్చాడు. గాయకుడిగా వాళ్ళకు పోటీ, రచయితగా వాళ్ళకు అండ. తన తరం గాయకులు ఎందరో ఆ గాలికి కొట్టుకుపోగా అతను నిలబడడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక విదేశాలు. 1963 మార్చి 30న కార్నెగీ హాల్‌లో పాడాడు. ఆ దశాబ్దంలో న్యూయార్క్‌లో అజ్నవూర్‌ను విని అబ్బురపడ్డానని తర్వాత బాబ్ డిలాన్ చెప్పాడు. 1998 నవంబర్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అతని పాటొకటి ఇంగ్లీషులో పాడాడు కూడా. లైజా మినెలీ తనకు అతను గురువని చెప్పుకుంది. ఇటలీ, స్పెయిన్, లాటిన్ అమెరికా, జర్మనీలలో అక్కడి భాషల్లోనే రికార్డులు చేశాడు. ఇంగ్లీషు మాటలకు మంచి తోడు దొరికింది: దక్షిణాఫ్రికాలో పుట్టి లండన్‌లో పత్రికా రచయితగా స్థిరపడిన హెర్బర్ట్ క్రెట్జ్‌మర్. తర్వాత 'లే మిజెరాబ్ల్' సంగీత నాటకానికి ఇంగ్లీషు పాటలు రాసింది కూడా ఇతనే. 1964 నాటి 'ఇయేర్ ఆంకోర్' అతని కలంతో 'యెస్టర్‌డే వెన్ ఐ వజ్ యంగ్' అయింది. 1969లో రాయ్ క్లార్క్ పాడితే అమెరికన్ కంట్రీ సంగీత శ్రోతలు దాన్ని తమదిగా చేసుకున్నారు. వృథా చేసుకున్న యవ్వనం గురించి ఒక ఆర్మేనియన్ బిడ్డ పారిస్‌లో రాసిన పాట అక్కడి పల్లెల రేడియోల్లో మోగింది. అజ్నవూర్ సాధించినది ఏమిటో తెలియాలంటే నాకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

1974లో బ్రిటిష్ టీవీ ధారావాహిక ఒకదాని కోసం అజ్నవూర్, క్రెట్జ్‌మర్ కలిసి చేసిన 'షి' బ్రిటన్‌లో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అజ్నవూర్ సొంత దేశంలో దానికి అంత పేరు రాలేదు. 1999లో 'నాటింగ్ హిల్' సినిమా కోసం ఎల్విస్ కాస్టెలో పాడినప్పుడు కొత్త తరం మళ్ళీ విన్నది. మన నగరాల్లోనూ ఆ సినిమా చూసి, ఈ బాణీ అజ్నవూర్‌దని తెలియక ఇష్టపడ్డవాళ్ళు ఉన్నారు.

నా దృష్టిలో అతని అత్యంత సాహసమైన పాట మాత్రం 1972 నాటి 'కొమ్ ఇల్ డీజ్'. తల్లితో కలిసి బతుకుతూ, రాత్రిళ్ళు క్లబ్బులో ఆడవేషం కట్టే స్వలింగ సంపర్కుడు తన కథ తనే చెప్పుకునే పాట. ఫ్రెంచ్ చట్టం అలాంటివారి పట్ల చూపిన వివక్ష పోయింది 1982లో. అంతకు పదేళ్ళ ముందు, పెళ్ళయి పిల్లలున్న ఒక ప్రసిద్ధ గాయకుడు ఆ పాత్రను 'నేను' అంటూ పాడాడు. హేళన లేదు, జాలి చూపించడమూ లేదు. అప్పటిదాకా నవ్వుకు మాత్రమే పనికొచ్చిన పాత్రకు గౌరవం దక్కింది.

1970లలో పన్నుల వివాదం తర్వాత అతను స్విట్జర్లాండ్‌లో స్థిరపడ్డాడు. దీని మీద ఫ్రాన్సులో విమర్శ వచ్చింది, అది పూర్తిగా అన్యాయమైన విమర్శ అని నేననను.

ఆర్మేనియా అతని పాటలోకి ఆలస్యంగా వచ్చింది. జాతి సంహారానికి 60 ఏళ్ళు నిండిన 1975లో, అయిదా భర్త జార్జ్ గర్వరెంట్జ్ బాణీతో 'ఇల్ సోం తోంబే' రాశాడు. 1988 డిసెంబర్ 7న భూకంపం ఉత్తర ఆర్మేనియాను నేలమట్టం చేసింది. కనీసం 25,000 మంది చనిపోయారు. అజ్నవూర్ సహాయ సంస్థ పెట్టాడు. గర్వరెంట్జ్‌తో కలిసి 'పూర్ తువా అర్మేనీ' చేశాడు. 80 మందికి పైగా కళాకారులు గొంతు కలిపారు. 1989లో అది ఫ్రాన్సులో వారాల తరబడి మొదటి స్థానంలో ఉండి, బాధితులకు డబ్బు తెచ్చింది. 2008లో ఆర్మేనియా పౌరసత్వం ఇచ్చింది, 2009లో స్విట్జర్లాండ్‌కు తన రాయబారిగా నియమించింది. భూకంపంలో దెబ్బతిన్న గ్యుమ్రీ నగరంలో అతని విగ్రహం ఉంది. తల్లిదండ్రులు ఏ దేశమూ లేక తిరిగారు, కొడుకు రెండు దేశాల మనిషయ్యాడు.

తొంభై దాటాక కూడా పాడటం మానలేదు. చెవులు మందగించాయనీ, మాటలు మరిచిపోతున్నాననీ, తెర మీద చూసి పాడుతున్నాననీ సభలోనే చెప్పేవాడు. చివరి కచేరీ 2018 సెప్టెంబర్ 19న జపాన్‌లోని ఒసాకాలో జరిగింది. పన్నెండు రోజులకు, అక్టోబర్ 1న, దక్షిణ ఫ్రాన్సులోని మూరియేస్ గ్రామంలో తన ఇంట్లో చనిపోయాడు. వయసు 94. పారిస్‌లోని ఎంవలీద్ ప్రాంగణంలో ఫ్రెంచ్, ఆర్మేనియన్ నాయకుల సమక్షంలో జాతీయ నివాళి జరిగింది. పారిస్ దగ్గరి మోంఫోర్ లామోరీలో కుటుంబ సమాధిలో ఖననం చేశారు.

అజ్నవూర్‌ను కొత్తగా వినబోయేవారు 'షి'తో మొదలుపెట్టకండి. అది తీయనిదే కానీ అందులో అతను పూర్తిగా లేడు. ముందు 'జ మ వాయే దెజా' వేదిక మీద పాడిన వీడియో చూడండి, భాష రాకపోయినా కథ తెలుస్తుంది. ఆ తర్వాత 'ఇయేర్ ఆంకోర్' ఫ్రెంచ్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి అతని గొంతుతోనే వినండి.