‘అసమర్థ’ ముఖద్వారం: ఒక రోగనిర్ధారణకు పేరు, కుట్టు, సంకేతం ఏర్పడిన చరిత్ర

వ్యాససంగ్రహం: నొప్పులు రాకుండానే గర్భాశయ ముఖద్వారం తెరుచుకొని, సాధారణంగా నాలుగు నుండి ఆరు నెలల మధ్య గర్భం జారిపోయే స్థితిని వైద్యులు ‘సర్వైకల్ ఇన్‌కాంపిటెన్స్’ అన్నారు, ఇటీవల ‘సర్వైకల్ ఇన్‌సఫిషియెన్సీ’ అంటున్నారు. ఈ స్థితికి పేరు, చికిత్స, అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ (ఐసీడీ)లో సంకేతం ఏర్పడిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ సంకేతం వ్యాధిని, చికిత్సను ఒకే గడిలో చేర్చింది. కాబట్టి దాని కింద నమోదైన సంఖ్యలను వ్యాధిగ్రస్తుల సంఖ్యగా గ్రహించరాదన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: గర్భాశయ ముఖద్వారం, శిరోద్కర్ కుట్టు, ఐసీడీ, గర్భస్రావం, వైద్య పరిభాష.

1. ప్రస్తావన

వైద్యచరిత్రను రాసేవారు ఆసుపత్రి గణాంకాలను ప్రాథమిక ఆధారాలుగా స్వీకరిస్తారు. ఆ గణాంకాల వెనుక సంకేతాలుంటాయి, సంకేతాల వెనుక నిర్వచనాలుంటాయి. నిర్వచనం ఎలా ఏర్పడిందో తెలియకుండా సంఖ్యను చదివితే చరిత్ర తప్పుదారి పడుతుంది. గర్భాశయ ముఖద్వార స్థితికి సంబంధించిన సంకేతం ఇందుకు చక్కని నిదర్శనం.

2. పేరు ఏర్పడిన క్రమం

గర్భాశయ ద్వారం వదులు కావడం వల్ల గర్భం నిలవదన్న భావన 1658లో లండన్‌లో వెలువడిన ఒక వైద్యగ్రంథంలోనే కనిపిస్తుంది. ‘ఇన్‌కాంపిటెన్స్’ అనే మాట ఈ అర్థంలో 1865లో ‘లాన్సెట్’ పత్రికలో కనిపించింది. అయితే దీనిని ఒక ప్రత్యేక వ్యాధిగా స్థిరపరచిన ఘనత 1950లో అమెరికాలో వెలువడిన లాష్, లాష్‌ల వ్యాసానిది. పదేపదే జరిగే గర్భస్రావాలకు లోపలి ద్వారపు బలహీనత ఒక కారణమని వారు ప్రతిపాదించారు. గర్భం లేని సమయంలో ఆ భాగాన్ని శస్త్రచికిత్సతో సరిచేయడం వారి పద్ధతి.

3. కుట్టు: చికిత్స నుండి నిర్వచనానికి

గర్భం ఉండగానే ముఖద్వారాన్ని బిగించే పద్ధతిని బొంబాయి వైద్యుడు విఠల్ నాగేష్ శిరోద్కర్ 1955లో మద్రాసు నుండి వెలువడే ‘యాంటిసెప్టిక్’ పత్రికలో ప్రకటించారు. ఆయన స్త్రీ తొడ నుండి తీసిన కండరపు పొర పట్టీని లోపలి ద్వారం చుట్టూ చుట్టి బిగించారు. 1957లో మెల్‌బోర్న్ వైద్యుడు ఇయాన్ మెక్‌డొనాల్డ్ దీనికంటే సులభమైన కుట్టును వివరించారు. సంచి మూతికి తాడు బిగించినట్లు ముఖద్వారం చుట్టూ దారం వేయడమే అది. ఈ రెండు పద్ధతులూ ప్రపంచమంతటా వ్యాపించాయి.

ఇక్కడ ఒక మౌలిక సమస్య ఉంది. ఈ స్థితిని గర్భం లేనప్పుడు నిశ్చయంగా తేల్చే పరీక్ష లేదు. గతంలో గర్భం ఎలా పోయిందన్న వృత్తాంతమే ప్రధాన ఆధారం. అంటే నష్టం జరిగిన తరువాతే రోగనిర్ధారణ సాధ్యమవుతుంది. కుట్టు వేసిన తరువాత గర్భం నిలిస్తే, నిలిచినది కుట్టు వల్లనే కాబట్టి వ్యాధి ఉన్నట్లేనని భావించడం సులభమైంది. ఈ విధంగా చికిత్స వ్యాధికి సాక్ష్యంగా మారింది.

కుట్టు అవసరమో కాదో వైద్యులకే సందేహం ఉన్న 1292 మంది స్త్రీలపై జరిగిన అంతర్జాతీయ పరిశోధన తుది ఫలితాలు 1993లో వెలువడ్డాయి. సుమారు 25 మందికి కుట్టు వేస్తే ఒకరికి 33 వారాలలోపు కాన్పు తప్పిందని ఆ పరిశోధన తేల్చింది. కుట్టు ఉన్న ప్రతి స్త్రీకీ వ్యాధి ఉన్నట్లు భావించడం ఎంత అసంగతమో ఈ లెక్క తెలుపుతుంది. ముఖద్వారం పొడవు తగ్గేకొద్దీ నెలలు నిండని కాన్పు ప్రమాదం క్రమంగా పెరుగుతుందని 1996లో అల్ట్రాసౌండ్ ఆధారంగా జరిగిన అధ్యయనం చూపింది. ‘సమర్థం’, ‘అసమర్థం’ అనే రెండు గడుల విభజన దీనితో బలహీనపడింది.

4. సంకేతంలో నిక్షిప్తమైన చరిత్ర

ఐసీడీకి మూలం 1893లో జాక్ బెర్టియాన్ రూపొందించిన మృత్యుకారణాల పట్టిక. తల్లి బ్రతికి గర్భం మాత్రమే పోయే స్థితికి అటువంటి పట్టికలో చోటు దొరకడం కష్టం. 1948 నాటి ఆరవ సవరణతో మరణాలతో పాటు అనారోగ్యాలు కూడా వర్గీకరణలోకి వచ్చాయి. తొమ్మిదవ సవరణలో గర్భిణికి సంబంధించి 654.5 అనే సంకేతం ఉంది. 1990లో ఆమోదం పొందిన ఐసీడీ-10 ఒకే స్థితిని మూడు చోట్ల ఉంచింది: గర్భం లేనప్పుడు అవయవ దోషంగా ఎన్88.3, గర్భిణి సంరక్షణగా ఓ34.3, శిశువుపై ప్రభావంగా పీ01.0.

వీటిలో ఓ34.3 ప్రత్యేకంగా గమనించదగినది. ముఖద్వార అసమర్థత ప్రస్తావన ఉన్నా లేకున్నా, కుట్టు ఉన్న గర్భిణి సంరక్షణ అంతా దీని కిందికే వస్తుంది. ‘శిరోద్కర్ కుట్టు’ అన్న పేరు కూడా ఆ వివరణలో ఉంది. ఒక భారతీయ వైద్యుని పేరు అంతర్జాతీయ వర్గీకరణలో నిలవడం విశేషమే. కానీ ముందుజాగ్రత్తగా కుట్టు వేయించుకున్న స్త్రీ, వ్యాధి నిర్ధారణ అయిన స్త్రీ ఇద్దరూ ఒకే సంఖ్యలో లెక్కకు వస్తారు. మరోవైపు, తొలిసారి గర్భం కోల్పోయిన స్త్రీ వివరం చాలావరకు గర్భస్రావ సంకేతమైన ఓ03 కింద ఉండిపోతుంది. కారణం తెలిసేది తరువాతి గర్భంలోనే. కనుక ఈ సంకేతం ఒక వైపు వ్యాధిని ఎక్కువగా, మరొక వైపు తక్కువగా చూపే అవకాశం ఉంది.

అమెరికా రూపాంతరం మరొక కొలతను చేర్చింది. పాత తొమ్మిదవ సవరణ రూపాంతరంలోని ఐదవ అంకె కాన్పుకు ముందా, తరువాతా అన్నది తెలిపేది. 2015 అక్టోబరు 1 నుండి అమలైన కొత్త రూపాంతరంలో ఆ స్థానాన్ని గర్భకాలపు మూడు భాగాలు ఆక్రమించాయి: ఓ34.31, ఓ34.32, ఓ34.33. ఇవి స్త్రీ వైద్యుని వద్దకు వచ్చిన కాలాన్ని సూచిస్తాయే తప్ప వ్యాధి మొదలైన కాలాన్ని కాదు. 14వ వారంలో కుట్టు వేయించుకున్న స్త్రీ 30వ వారంలో పరీక్షకు వస్తే నమోదయ్యేది ఓ34.33. దీనిని చూసి ముఖద్వారం ఏడవ నెల దాటాక బలహీనపడిందని పరిశోధకుడు భావిస్తే పొరపాటే.

5. భాష, నింద

‘ఇన్‌కాంపిటెన్స్’ అన్న మాటలో స్త్రీ శరీరంపై తీర్పు ధ్వనిస్తుందన్న విమర్శ ఉంది. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2014 మార్గదర్శకాలు ‘ఇన్‌సఫిషియెన్సీ’ అనే మాటనే వాడాయి. అయినా అమెరికా సంకేతాల పుస్తకంలో పాత మాటే కొనసాగుతున్నది. అదే పుస్తకం వేరొక చోట మారింది. ఐసీడీ-10లో ఎన్96 శీర్షిక స్త్రీని ‘అలవాటుగా గర్భస్రావం చేసుకునే వ్యక్తి’ అనే అర్థంలో పేర్కొనగా, అమెరికా రూపాంతరం దానిని ‘పునరావృత గర్భనష్టం’గా మార్చింది. కర్త స్థానంలో ఉన్న స్త్రీ తొలగి, సంఘటన మిగిలింది.

తెలుగు వ్యవహారం ఈ సందర్భంలో ఆలోచింపజేస్తుంది. ‘గర్భం నిలవలేదు’ అన్న వాక్యంలో కర్త గర్భమే. ‘ముఖద్వారం వదులుగా ఉంది, కుట్టు వేయాలి’ అన్న మాట స్థితిని చెబుతుంది, తీర్పు చెప్పదు. అయితే ‘గొడ్రాలు’ వంటి మాటలు కూడా ఈ భాషలోనివే కనుక తెలుగు నిందకు అతీతమని చెప్పలేం. శాస్త్ర సంప్రదాయంలోనూ స్థితిని కాలంతో కొలిచే పద్ధతి ఉంది. సుశ్రుతసంహిత నాలుగవ నెల వరకు జరిగేది స్రావమని, ఐదు, ఆరు నెలలలో జరిగేది పాతమని విభజించింది. ఆ రెండు మాటలూ నేటి తెలుగులో ఉన్నా, నెలల భేదం సామాన్య వ్యవహారంలో చెరిగిపోయింది.

6. ముగింపు

ఓ34.3 అనేది వ్యాధి పేరు మాత్రమే కాదు. 1865 నాటి మాట, 1955 నాటి కుట్టు, 1990 నాటి వర్గీకరణ అందులో ఒకదానిపై ఒకటి పేరుకొని ఉన్నాయి. ఆ పొరలను విడదీసిన తరువాతనే దాని కింద ఉన్న సంఖ్యలు చరిత్రకు ఆధారాలవుతాయి. తెలుగులో వైద్య పరిభాషను నిర్మించేవారు ఆంగ్లపదాన్ని ‘అసమర్థత’గా అనువదిస్తే, ఆంగ్ల వైద్యరంగం విడిచిపెడుతున్న తీర్పును కొత్తగా తెచ్చిపెట్టినట్లవుతుంది. ‘ముఖద్వారం వదులు’ అన్న వాడుక మాట శాస్త్రానికి కూడా సరిపోతుంది. గర్భం కోల్పోయిన స్త్రీ తన వైద్యపత్రంలో చదువుకొనేది ఆ మాటనే కనుక దాని ఎంపికలో పరిశోధకులకూ బాధ్యత ఉంది.