కంటికొక నాభి, ప్లేటుకొక నాభి

1839లో ఫ్రాన్సు దేశములో డాగేర్ ఛాయాచిత్రణ విధానము లోకమునకు వెల్లడియైనది. వెండిపూత గల రాగిరేకునకు అయొడిను ఆవిరి పట్టించి, కెమేరాలో వెలుగు సోకనిచ్చి, పాదరసపు ఆవిరితో బొమ్మను పైకి తెప్పించుట ఇందలి పద్ధతి. కొద్ది ఏండ్లలోనే ఐరోపా నగరములలో స్టూడియోలు వెలసినవి. వాటితోపాటే ఒక చిక్కు కూడ వచ్చిపడినది.

ఛాయాచిత్రకారుడు ముందుగా కెమేరా వెనుక గరుకు గాజు పలకను అమర్చి, దానిపై పడు ప్రతిబింబమును చూచుచు కటకమును ముందుకు, వెనుకకు జరిపేవాడు. ముఖము స్పష్టముగా కనబడగానే గాజును తీసి, సరిగా అదే చోట రేకును ఉంచేవాడు. ఇంత జాగ్రత్త పడినను కొన్ని కెమేరాలలో ముఖము మసకగా వచ్చేది. దానికి ముందో వెనుకో ఉన్న వస్తువు మాత్రము స్ఫుటముగా ఉండేది. మనిషి కదలలేదు, కెమేరా కదలలేదు. కంటికి స్పష్టముగా కనిపించిన ప్రతిబింబము రేకుపై ఎందుకు చెదరినది?

ఈ ప్రశ్నను పట్టుదలతో పరిశీలించినవారిలో ఆంత్వాన్ క్లోదే ముఖ్యుడు. ఫ్రాన్సులో పుట్టి లండనులో స్థిరపడిన ఇతడు 1841లో అక్కడి ఎడిలైడ్ గ్యాలరీ పైకప్పుమీద స్టూడియో తెరచినాడు. బొమ్మ చెడిపోయినచో ఖరీదైన రేకు, వచ్చినవారి ఓపిక రెండును వ్యర్థమే. కనుక ఇది అతనికి కేవలము శాస్త్రచర్చ కాదు, జీవనోపాధి.

కారణము వెలుగులోనే ఉన్నది. గాజు పసుపుపచ్చ కాంతికంటె ఊదా కాంతిని ఎక్కువగా వంచును. అందుచేత ఒకే కటకమునకు రంగును బట్టి నాభి మారును. పగటి వెలుగులో మన కన్ను పసుపు, ఆకుపచ్చ కాంతులను బాగుగా గ్రహించును. రేకుమీది వెండి అయొడైడు నీలము, ఊదా కాంతులకే ముఖ్యముగా స్పందించును. 25 సెంటీమీటర్ల నాభ్యంతరము గల సాధారణ గాజు ఒంటి కటకములో ఈ రెండు నాభులకు మధ్య సుమారు 5 మిల్లీమీటర్ల దూరముండును. అనగా గరుకు గాజుపై తీర్పు చెప్పినది కన్ను. బొమ్మను అందుకొన్నది వేరొక రంగును చూచు రేకు.

ఈ తేడా ఎంత మసకను కలిగించునో లెక్క కట్టుట సులభము. నాభి జరిగిన దూరమును కటకపు ఎఫ్ సంఖ్యతో భాగించిన చాలును. ఎఫ్ 15 వద్ద 5 మిల్లీమీటర్ల తేడా వలన ఒక బిందువు సుమారు మూడోవంతు మిల్లీమీటరు మచ్చగా పరచుకొనును. 1840లో వియన్నా విశ్వవిద్యాలయపు గణితాచార్యుడు పెత్స్వాల్ ఎఫ్ 3.6 కటకమును రూపొందించినాడు. అది ఎఫ్ 15 కటకముకంటె సుమారు 17 రెట్లు ఎక్కువ వెలుగును ఇచ్చును. అయితే అంత పెద్ద ద్వారముతో నాభి అంతే తప్పినచో మచ్చ సుమారు 1.4 మిల్లీమీటర్లగును. ద్వారము పెరిగినకొలది తప్పునకు క్షమ తగ్గును.

క్లోదే ఉపాయము సులభమైనది. అంకెలు వేసిన పలక ముక్కలను కెమేరాకు వేర్వేరు దూరములలో వరుసగా నిలిపి, ఒకదానిపై కంటితో నాభిని సరిచేసి బొమ్మ తీయవలెను. రేకుపై ఏ అంకె మిక్కిలి స్ఫుటముగా వచ్చినదో చూచినచో తప్పు ఎటువైపున్నదో, ఎంతయో తెలియును. ఆపైన కటకమునుబట్టి రేకును జరుపవచ్చును. తరువాత కటక నిర్మాతలు రెండు రకముల గాజును జతపరచి పసుపు, ఊదా కాంతుల నాభులను ఒకచోటికి తెచ్చినారు. 1873లో బెర్లినులో ఫోగెల్ రంగుద్రవ్యములను కలిపి ప్లేటు ఆకుపచ్చ కాంతినికూడ గ్రహించునట్లు చేసినాడు. కన్ను, ప్లేటు ఒకదానికొకటి దగ్గరైనవి.

చిక్కు తీరినట్లే కనిపించినది. కాని వేరొక రూపములో తిరిగి వచ్చినది. 1985లో మినోల్టా 7000 కెమేరా తానే నాభిని సరిచేసుకొనుచు విపణికి వచ్చినది. ఇట్టి కెమేరాలలో అద్దముద్వారా కొంత వెలుగు అడుగున నున్న వేరొక గ్రాహకమునకు పోవును. అక్కడికి గల దారి, ఫిలిమునకు గల దారి సమానముగా ఉండవలెను. ఎఫ్ 2 వద్ద 0.1 మిల్లీమీటరు తేడాయైనను 0.05 మిల్లీమీటరు మచ్చ పడును. తీర్పు చెప్పునది ఒకటి, బొమ్మను అందుకొనునది మరొకటి! 2008 నుండి వచ్చిన అద్దములేని కెమేరాలలో బొమ్మను అందుకొను గ్రాహకమే నాభినికూడ నిర్ణయించుటచే ఈ చిక్కు చాలవరకు తొలగినది.

క్లోదే పరీక్షను విద్యార్థులు నేడును చేయవచ్చును. కెమేరాను ముక్కాలిపీటపై బిగించి, ద్వారమును పూర్తిగా తెరచి, బల్లమీద ఏటవాలుగా ఉంచిన కొలబద్దలో 15వ గీతపై నాభిని సరిచేయవలెను. బొమ్మలో 17వ గీత స్ఫుటముగా వచ్చినచో తప్పు నాభిది. అన్ని గీతలును ఒకే దిక్కునకు సాగినచో కెమేరా కదలినది. ఏ గీతయు స్ఫుటముగా లేనిచో కటకమును శంకించవలెను. ద్వారమును తగ్గించినచో నాభి తప్పు మరుగుపడును గాని పోదు. మరీ తగ్గించినచో వివర్తనము వలన బొమ్మ మరల మెత్తబడును.

మసక ఒక్కటే అయినను కారణములు అనేకము. కటకమును నిందించుటకు ముందు తప్పు ఎక్కడున్నదో కొలిచి తెలిసికొనుట అవసరమని క్లోదే అంకెల పలకలు చూపినవి.