లెక్క తప్పిందా, అతుకు వదులైందా?

పొదుపు సంఘంలో అందరి డబ్బూ కూడితే 4,600 రావాలి. క్యాలుక్యులేటర్ మాత్రం 4,500 చూపిస్తుంది. ఆ నూరు రూపాయలు ఏమయ్యాయని అందరూ పుస్తకం రాసే ఆమె ముఖమే చూస్తారు. మా బెళుగుప్ప వైపు డబ్బునే ‘లెక్క’ అంటాం. లెక్క తగ్గిందంటే పోయేది ఆమె మాటే. ఒక్కోసారి ఆ తప్పు ఆమెది కాదు, మిషన్ లోపల వదులైన అతుకుది.

ఈ మిషన్ ఎలా పుట్టిందో తెలిస్తే అతుకు ఎక్కడ వదులవుతుందో కూడా తెలుస్తుంది. 1967లో అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జాక్ కిల్బీ, జెర్రీ మెర్రీమన్, జేమ్స్ వాన్ టాసెల్ చేతిలో పట్టే క్యాలుక్యులేటర్ నమూనా చేశారు. అది కిలోకు పైనే తూగేది. తెర లేదు, జవాబు కాగితం పట్టీ మీద పడేది. 1971లో జపాన్ కంపెనీ బిజీకామ్, లెక్క చేసే పనంతా ఒకే చిప్‌లో ఉన్న జేబు క్యాలుక్యులేటర్ తెచ్చింది. 1973లో షార్ప్ కంపెనీ ఎల్‌సీడీ తెర పెట్టింది. 1976లో ఎండతో నడిచేదీ తెచ్చింది.

భాగాలు తగ్గేకొద్దీ పాడయ్యే చోట్లూ తగ్గాయి. మన చవక మిషన్లలో చిప్ నల్లటి లక్క బొట్టులాంటి దాని కింద భద్రంగా ఉంటుంది. వదులయ్యేవి ముఖ్యంగా రెండు: సెల్లు తీగల టంకం, తెరనూ బోర్డునూ కలిపే పట్టీ.

తీగ ఊడితే మిషన్ ఆగిపోతుంది. అది నయం, వెంటనే తెలిసిపోతుంది. పట్టీ వదులైతేనే మోసం. తెర మీద ఒక్కో అంకె ఏడు గీతలతో ఏర్పడుతుంది. 6లో కింది ఎడమ గీత మాయమైతే 5 అవుతుంది. 8లో నడిమి గీత పోతే సున్నా. లోపల కూడిక సరిగ్గానే ఉంటుంది, చూపించడమే తప్పు.

అందుకే ముందు తెర నిండా 8 అంకెలు కొట్టి చూడండి, ఏ గీత లేదో ఇట్టే కనబడుతుంది. తర్వాత సెల్లు తీసి, వెనక స్క్రూలు విప్పండి. రబ్బరు పట్టీ అయితే పొడి దూదితో తుడిచి, సరిగ్గా కూర్చోబెట్టి, స్క్రూలు సమంగా బిగిస్తే చాలావరకు సరిపోతుంది. అతికించిన పల్చటి పట్టీ అయితే లాగకండి. తీగ ఊడి ఉంటే రేడియోలు, టీవీలు బాగుచేసే అంగడిలో చిన్న టంకం చుక్క వేయిస్తే చాలు.

మిషన్‌ను అనుమానించడం నేర్చుకుంటే, మనిషిని అనుమానించే ముందు ఒక్క నిమిషం ఆగుతాం.